చేతి మైకు తీర్చుకున్న పగ

నేను ఒక చేతి మైకును. గిన్నెలాంటి మూతి, తుపాకీలాంటి పిడి, పిడికి ఒక మీట. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాడు నాలోంచి "హలో, హలో" అన్నప్పుడు నా గొంతుకు నేనే మురిసిపోయాను. ఆ మురిపెం బాపట్లలో జెకర్యా గారి చేతికి వచ్చేదాకానే.

ఆయన సాయంత్రాలు బజారు మూలన నిలబడి రక్షణ సువార్త చెప్పేవారు. వార్త మంచిదే. ఆయన గొంతు జీరబోతే మాత్రం దెబ్బ నా నెత్తిన పడేది. వాన వస్తే గొడుగు ఆయనకి, తడవడం నాకు. "దరిద్రపు మైకు!" అని తిట్టి, ఆ వెంటనే "ప్రియులారా" అనేవారు, అదీ నాలోంచే. నాకు పళ్ళు లేవు గానీ, ఉంటే నూరేదాన్ని.

అంతలో కొడుకు సుధీరుకు పెళ్ళయి కెజియ కోడలిగా వచ్చింది. వస్తూనే తడిగుడ్డతో నా మూతి తుడిచింది! జెకర్యా గారు నన్ను ఇంట్లో వదిలి వెళ్ళినప్పుడు సుధీరు డాబా మీంచి నాలో గుసగుసలాడేవాడు. "కెజియ గారూ, టీలో పంచదార తగ్గింది. వచ్చి వేలు ముంచి పొండి." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు బ్యాటరీలు మార్చినట్టుండేది. పగ మాత్రం చల్లారలేదు.

గోడవతల జెకర్యా గారి అన్న కోటయ్య ఉంటాడు. గోడ జానెడు ఇవతలికి కట్టాడని ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఒక సాయంత్రం జెకర్యా గారు బజారు నుంచి వచ్చి నన్ను ఆ గోడ మీద పెట్టారు. కెజియ అడిగింది.

"మావయ్యా, ఊరందరికీ చెప్పొస్తారు. పెదమావయ్యకి ఒక్కసారన్నా చెప్పారా? రేపు ఆయనకి గుండె ఆపరేషను."

ఆ మాటకు ఆయన చెయ్యి విసురుగా నా పిడి మీద పడింది; వానలకు నానిన నా మీట నొక్కింది నొక్కినట్టే ఇరుక్కుపోయింది. ఆయన చూసుకోలేదు. నేను కిమ్మనలేదు.

"వాడికా! వాడు పరలోకానికి వస్తే నేను అడుగుబెట్టను పో!"

వీధంతా మోగింది. ఎదురింటి ఇస్త్రీ అతను పెట్టె గాల్లో పట్టుకుని ఉండిపోయాడు. జెకర్యా గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను హాయిగా కీచుమన్నాను.

గోడవతల నుంచి కోటయ్య కేకేశాడు. "భయపడమాకరా! అక్కడ గోడ నువ్వే కట్టుకో, నీ ఇష్టమొచ్చినంత జరిపి!"

వీధి నవ్వింది. నాకు కడుపు నిండింది. కాసేపటికి అదే గొంతు నీరసంగా అంది. "ఊళ్ళో అందర్నీ పిలిచావు. నన్నొక్కసారి పిలిస్తే రాకపోయేవాణ్ణా?"

జవాబివ్వడానికి జెకర్యా గారు అలవాటుగా నన్నందుకోబోయారు. కెజియ ఆయన చెయ్యి పట్టుకుంది. "దీంతో వద్దు మావయ్యా. వెళ్ళండి."

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళారు. ఇంకో మాట జారితే వీధిలో వేద్దామని కాచుకున్నాను. "అన్నా" అన్నది వినిపించింది. ఆపైన ఆయన గొంతు ఎంత తగ్గిందంటే, గోడ మీదున్న నాకే అందలేదు.

కోటయ్య ఆపరేషను నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు. ఇప్పుడు సాయంత్రాలు అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుంటారు, నేను అటక మీద. పగ తీరింది, నిజమే. కానీ ఆయన ఇన్నేళ్ళ మాటలన్నీ మోసినదాన్ని, గోడవతల అన్నకి చెప్పిన ఆ ఒక్క మాట ఏమిటో నాకు తెలియదు.