సంపులోకి దీపం

నేలకింది నీళ్ళ సంపు మూత తెరిచి నిచ్చెన వేయగానే అంజినమ్మ ఓబులేసును ఆపింది. "ఉండప్పా, తొందరపడద్దు. ముందు దీపం దించి చూడాల."

ఏటా ఆ సంపులోకి దిగి కడిగేది కోడలు ఆశే. ఆ ఇరుకు మూతిలోంచి పట్టే మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే అని బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఇల్లు కట్టిన ఏడాదే తేల్చేశారు. పదేళ్ళు, పదిసార్లు. పోయిన నెల ఆమె చెయ్యి బెణకబట్టి ఈసారి హొసకోటె నుంచి ఓబులేసును కూలికి పిలిచారు.

బావిలోకి మనిషిని దించే ముందు అంజినమ్మ పుట్టింట్లో ఇలాగే చూసేవారట; దీపం ఆరితే లోపల మంచి గాలి లేనట్టే. బకెట్లో దీపం పెట్టి తాడుతో దించారు. సగం లోతుకు వెళ్ళేసరికి ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించారు. మళ్ళీ అక్కడే ఆరింది.

"దిగద్దప్పా" అన్నాడు ఆశ భర్త నాగరాజ్. "పెండ్లాము బిడ్లున్నోడివి. ఏమన్నా అయితే ఎవురు జవాబుదారి?"

అంజినమ్మ ఓబులేసుకు కాఫీ ఇచ్చి, బస్సు ఛార్జీ చేతిలో పెట్టి పంపింది. మంచివాళ్ళే, అందులో సందేహం లేదు. వీధిలో మూత లేని గుంత కనిపిస్తే కొమ్మ విరిచి అందులో గుచ్చి వచ్చే మనిషి నాగరాజ్.

ఆశ మాత్రం ఆరిన దీపం వైపే చూస్తోంది. తనకోసం ఎవరూ ఎన్నడూ దీపం దించలేదు. అలా చూడాలని తనకు తెలియదు, అత్తకు తెలుసు. రెండేళ్ళ కిందట లోపల కళ్ళు తిరిగి, నిచ్చెన పట్టుకుని ఎంతసేపు కూర్చుందో గుర్తులేదు. వచ్చి చెబితే, "టిఫిన్ తినకుండా దిగుంటావు" అన్నాడు నాగరాజ్. తనూ అదే నమ్మింది. ఇంతకీ ఆ రోజు తను మొత్తంగా పైకి వచ్చిందా?

అప్పుడు ఆశకు వినిపించింది. సంపు అడుగున కొబ్బరి పీచుతో గోడ రుద్దుతున్న చప్పుడు. నిదానంగా, మధ్యలో ఊపిరి కోసం ఆగి, మళ్ళీ.

"చెయ్యి తగ్గింది గదా" అన్నాడు నాగరాజ్, తాడు చుడుతూ. "రేపు నువ్వే దిగు. నీళ్ళ టాంకర్ ఎల్లుండికి చెప్పినా."

"దీపం ఆరిపోయింది గదా."

"వాడు కొత్తోడు. నీకు అలవాటుండాది."

"పదేండ్లుగా దిగతానే ఉండావు, ఏమన్నా అయిందా?" అంది అంజినమ్మ, ప్రేమగానే. "బయటి మనిషికైతే భయపడాల. నువ్వు ఇంట్లో మనిషివి, నీకేమయితాది?"

కింద చప్పుడు ఆగింది. అక్కడ కూడా ఎవరో ఆ మాట విన్నారు.

నిచ్చెన లాగబోతున్న భర్త చెయ్యి పట్టుకుంది ఆశ.

"నిచ్చెనను ఆడనే ఉండనీండి. లోపల నా మాదిరే ఒకామె పదేండ్లుగా రుద్దతానే ఉండాది. ఆమెను పైకి రానీండి. నేనింక దిగను."