పార్క్ చేసిన తర్వాత

వాగు నీళ్లు గని ఆఫీసు గడప దాటి లోపలికి వచ్చేశాయి. గని కొలతల లెక్కలు చూసే ఓలెటా కుర్చీ మీద మోకాళ్లూని, తడి వేళ్లతో 'పార్క్' అని కొట్టింది. కంప్యూటర్ లోపల టక్కుమంది. తిరిగే డిస్క్ మీద వెంట్రుకవాసి ఎత్తున తేలుతూ దాన్ని చదివే హెడ్లు అంచున ఉన్న ఖాళీ జాగాకు చేరాయి. ఇక బండి ఎంత కుదిపినా డిస్క్‌లో దాచినదేదీ గీచుకుపోదు.

కొండ కడుపులో ఆమె మొగుడు డెంజిల్ ఇంకో ఇద్దరితో చిక్కుకుపోయాడు. పాత సొరంగంలో నిలిచిన నీరు గోడ బద్దలుకొట్టి దారి మూసేసింది. గని కొత్త పటం డెంజిల్ దగ్గరే ఉంది. ఆ కొలతలు మళ్లీ దొరికేది ఈ డిస్క్‌లోనే, ఫ్లాపీలు బురదపాలయ్యాయి. కొండమీద కొలిచి, వీటితో సరిచూస్తే గానీ వాళ్లున్న చోట నీళ్లు తోడే బోరు ఎక్కడ దించాలో తేలదు.

"అమ్మాయ్, లైట్లు కొట్టుకుంటున్నాయి. ఇక లే," అన్నాడు డెంజిల్ అన్న ఆర్విల్.

"ఒక్క క్షణం బావగారూ."

ఫైలు ఉందో లేదోనని ప్రాణం పీకింది. ఫైళ్ల పేర్లు చూపించమని 'డిర్' కొట్టింది. పేరు కనబడింది. ఊపిరి వదిలి స్విచ్ ఆపేసింది.

పికప్ బండి రాళ్లదారిలో ఎగిరెగిరి పడుతోంది. ఓలెటా కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా చుట్టుకుంది.

"పెళ్లినాడు మావాణ్ణి కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు నువ్వు," అన్నాడు ఆర్విల్.

"మీవాడు పారిపోతాడన్న భయం లేదుగా. అయినా పార్క్ చేశాను లెండి. పేరు కూడా చూసుకుని మరీ..."

ఓలెటా చటుక్కున ఒళ్లోని పెట్టె వైపు చూసింది.

"బావగారూ, బండి ఆపండి."

"ఏమైంది?"

"పార్క్ చేశాక ఇక దేన్నీ ముట్టుకోకూడదు. నేను ఫైలు పేరు చూశాను. అది చూపించడానికి హెడ్లు మళ్లీ వెనక్కి వచ్చుంటాయి. ఇప్పుడు కొలతల మీదే వాలి ఉన్నాయి. కుదుపు కుదుపుకీ గీరుతాయి. మళ్లీ పార్క్ చేద్దామంటే ఇక్కడ కరెంటు లేదు."

"నడిస్తే పొద్దు వాలిపోతుందే. లోపల నీళ్లు ఆగుతాయా?"

"ఇది చెడితే త్వరగా వెళ్లి ఏం చేస్తాం?"

ఆర్విల్ బ్రేకు తొక్కాడు. ఆమె దిగి, కంప్యూటర్‌ను గుండెకు హత్తుకుని నడిచింది. పక్కనే అతను ఆమె మోచేయి పట్టుకుని రాళ్లు చూపిస్తూ వచ్చాడు.

కొండమీద జనరేటర్‌కు తగిలించి స్విచ్ వేసింది. లోపల ఇసుక నమిలినట్టు చప్పుడు. చదవలేకపోయానంది తెర. మానాలా, మళ్లీ చూడాలా అని అడిగింది.

"ఎక్కడ దించమంటావమ్మా?" అని అడిగాడు బోరు మేస్త్రీ వెండెల్.

ఓలెటా మళ్లీ చూడమని మీట నొక్కింది. చప్పుడు పెరిగింది. ప్రతిసారీ ఇంకాస్త గీరుకుపోతుందని ఆమెకు తెలుసు. మళ్లీ నొక్కింది. అంకెలు పైకి పాకాయి.

"రాసుకోండి బావగారూ, ఆపకుండా."

ఆమె చదువుతుంటే ఆర్విల్ సుద్దముక్కతో జనరేటర్ రేకు మీద రాశాడు. చివరి వరుస పూర్తవుతుండగా డిస్క్ కీచుమని ఆగిపోయింది. ఆ తర్వాత ఇక కదల్లేదు.

కొండమీద కొలిచి, లెక్క కట్టి మేకు పాతించింది. బోరు దిగింది. చీకటి పడ్డాక బోరు మొన ఒక్కసారిగా జారింది. కింద ఖాళీ తగిలింది.

వెండెల్ యంత్రం ఆపి, బోరు రాడ్డు మీద సుత్తితో మోది తప్పుకున్నాడు. ఓలెటా చెవి ఆనించింది.

కింద నుంచి ఎవరో తిరిగి మోదారు. నీరసంగా, ఎడం ఎడంగా. దెబ్బకూ దెబ్బకూ మధ్య నీళ్లు ఎగజిమ్ముతున్న చప్పుడు, చెవి పక్కనే ఉన్నట్టు.

"ఉన్నారు," అంది. "పంపు దించండి. మనం నడిచి వచ్చినంతసేపూ లోపల నీళ్లు నిండుతూనే ఉన్నాయి."