దర్జీ కొలత

ఊరందరి నడుములూ కొలిచే దర్జీకి సొంత నడుమే లొంగలేదు. మూడు నెలలు కాళ్లరిగేలా నడిచినా టేపు ఒక్క అంగుళం కూడా తగ్గనంది.

"నడక ఒక్కటే చాలదండీ. తిండి ఎంత తింటున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఎంత తింటానమ్మా? ఒంటిగాణ్ణి, ఒక్కడి వంటేగా!" అన్నాడతను రోషంగా.

ఇంటికొచ్చి డబ్బాలోంచి ఒక గ్లాసు బియ్యం గిన్నెలో పోశాడు. రెండోది పోయబోతూ ఆగిపోయాడు. భార్య పోయి ఏడాదైనా చెయ్యి ఇంకా ఇద్దరికే కొలుస్తోంది. ఆమె వాటా పారేయడానికి మనసొప్పక రోజూ తనే తినేస్తున్నాడు. ఇన్నాళ్లూ టేపునే తిట్టుకున్నాడు, వెర్రిబాగులవాడు!

రెండో గ్లాసు మెల్లగా డబ్బాలోకి వంచేశాడు. నడుము తగ్గడానికి ఇంకా నెలలు పడుతుందేమో గానీ, ఇల్లు మాత్రం ఆ పూటే చిక్కిపోయింది.