పరీక్ష గదిలో ఎవరెవరున్నారు

అతని పని ప్రాసెసర్లను పరుగెత్తించడం. కొత్తది ఏది వచ్చినా విడుదలకు వారం ముందే ఒక డబ్బా అతని ఇంటికి చేరుతుంది. కంపెనీ పెట్టిన వేగం మీద ఇంకాస్త, ఇంకాస్త అంటూ పెంచుకుంటూ పోయి, అది ఎక్కడ చేతులెత్తేస్తుందో చూసి, ఆ వేగంలో ఆటలు ఎంత సాఫీగా నడుస్తాయో పట్టిక వేసి కంప్యూటర్ పత్రికకు పంపిస్తాడు. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇంట్లోనే ఉండే మావగారి దృష్టిలో మాత్రం ఇది నిక్షేపంలాంటి వస్తువును పనిగట్టుకుని పాడుచేయడం.

పదకొండేళ్లుగా అతనికి మూడు నియమాలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్రతి పరీక్షా మూడుసార్లు నడపాలి. వచ్చిన అంకె ఎంత దరిద్రంగా ఉన్నా అచ్చులో వేయాలి. ఒకసారి తను ముచ్చటపడి కొనుక్కున్న, ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యానే అన్నిటికన్నా చెత్తదని తేలితే, దాన్ని పట్టికలో అట్టడుగున వేసి నాలుగు రోజులు మొహం వేలాడేసుకుని తిరిగాడు. పాఠకులు అతన్ని నమ్మేది అందుకే. పేరు పెట్టి పిలవడం మానేసి నిఖార్సు అంటారు.

ఈసారి వచ్చిన ప్రాసెసర్ ఆరు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్ వేగం దాకా వెళ్తుందని కంపెనీ ఊదరగొట్టింది. వేరే పత్రికలో పరీక్షలు చేసే ఆయనకు వెళ్లింది కూడా. నిఖార్సు దగ్గర మాత్రం ఆరు దాటితే చాలు, ఆట మధ్యలో తెర నీలంగా మారి మెషిన్ పడుకునేది. వోల్టేజి పెంచాడు, తగ్గించాడు. కూలర్ విప్పి, వేడిని లాగే పాత పేస్టు తుడిచి కొత్తది రాశాడు. ఎంత బతిమాలినా ఆరే. పట్టిక సాయంత్రం ఐదుకల్లా వెళ్లాలి.

ఉదయం పదకొండింటికి మావగారు కళ్లజోడు వెతుక్కుంటూ లోపలికి వచ్చారు. పరీక్ష నడిచేటప్పుడు ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టకూడదని ఇంట్లో కట్టడి. మనిషి ఒంటి వేడికి గది వేడెక్కుతుందట, అంకెలు మారతాయట. మావగారికి కట్టడి గుర్తులేదు. కుర్చీ ఖాళీగా కనిపించింది, కూర్చున్నారు. తెర మీద ఆటలో గుర్రం పరుగెడుతోంది. వేగం ఆరు పాయింట్ రెండు. పది నిమిషాలైంది, గుర్రం ఆగలేదు.

నిఖార్సు ఆయన్ని మర్యాదగా బయటికి పంపాడు. వెంటనే తెర నీలమైంది. మళ్లీ పిలిచి కూర్చోబెట్టాడు. గుర్రం లేచి పరుగందుకుంది. మూడుసార్లు పంపాడు, మూడుసార్లు పిలిచాడు.

మామూలు మనిషయితే ఇక్కడ మంచినీళ్లు తాగి కాసేపు నడుం వాల్చేవాడు. నిఖార్సు ఒక్కొక్కటీ మార్చడం మొదలుపెట్టాడు. ఉత్త కుర్చీ, ఆరు. కుర్చీ మీద మావగారి చొక్కా, ఆరు. మావగారంత బరువు పుస్తకాలు, ఆరు. నిలబడిన మావగారు, ఆరు పాయింట్ రెండు. కునుకు తీస్తున్న మావగారు, ఆరు పాయింట్ ఒకటి. ముప్పై ఏళ్లు తపాలా సంచులకు సీలు వేసి రిటైరయ్యాక ఆయనతో ఎవరికీ ఇంత పని పడలేదు. భోజనం కూడా ఆ కుర్చీలోనే కానిచ్చారు.

విషయం ఫోన్‌లో విన్న సంపాదకుడు, మీ మావగారు మార్కెట్లో దొరకరు కదా, పాఠకులు ఏం చేసుకోవాలి అని అడిగాడు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఒక్క మనిషిని చూసి సూత్రం కట్టకూడదని నిఖార్సు కింది అంతస్తులోని టైలర్ని బతిమాలి పిలుచుకొచ్చాడు. టైలరు అరగంట కూర్చున్నా ఆరు మీద వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన కొంచెం నొచ్చుకునే వెళ్లాడు.

మూడింటికి భార్య బడి నుంచి వచ్చింది. ఆమె లెక్కల టీచరు. గుమ్మం దగ్గరే ఆగి, పట్టిక అందుకుని పైనుంచి కిందికి చదివింది.

"మా నాన్న ఉన్నారు. నాన్న చొక్కా ఉంది. టైలరున్నాడు. నా వరస ఏది?"

నీకు అలసటగా ఉంటుందేమోనని నసిగాడు. ఆమె వినిపించుకోకుండా తండ్రిని లేపి కుర్చీలో కూర్చుంది.

నాలుగు సెకన్లలో తెర నీలమైంది. వేగాన్ని కంపెనీ పెట్టిన అంకెకే దించాడు. అప్పుడూ నీలమే. రెండోసారి మెషిన్ అసలు లేవనే లేదు. మూడోసారి కీబోర్డు మీది దీపాలు కూడా ఆరిపోయాయి. ఆమె బయటికి వెళ్లగానే అన్నీ వెలిగాయి. హాల్లో మావగారు గొంతు సవరించుకుని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నాలుగున్నర అయింది. నిఖార్సు కాగితం మీద ఆమె వరసలో మూడు సున్నాలు వేసి, వాటిని చూస్తూ కూర్చున్నాడు. ఇది అచ్చయితే ఆమె బళ్లో ఎవరో ఒకరు చదువుతారు. అచ్చు కాకపోతే తను నిఖార్సు కాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఒక వరస చెరిపేయాలనిపించి, అలా అనిపించినందుకు భయం కూడా వేసింది. చెరపడానికి రబ్బరు పెట్టేసరికి ఆమె వెనకే ఉంది.

"తీసేద్దామా?" అన్నాడు.

"తీస్తే ఊరుకోను. నా దగ్గరికి వచ్చేసరికి జాలేమిటి?" అంది. తర్వాత కుర్రాడి నోటుపుస్తకంలో వదిలేసిన మెట్టు చూపించినట్టు మామూలుగా అంది. "ఇంకోటి మర్చిపోయారు. ఇన్నాళ్లూ మీరు వేసిన పట్టికలన్నీ నేను బయటుండగా వచ్చినవే. గది వేడి రాస్తారు, కూలర్ పేరు రాస్తారు. నేను బయట ఉన్నానని ఎప్పుడూ రాయలేదే?"

అతనికి తల కొట్టేసినట్టయింది. రెండు వందల నలభై పట్టికలు. బడి నుంచి వచ్చాక ప్రతిసారీ ఆమె ఆ తలుపు అవతలే ఉంది, టీవీ గొంతు తగ్గించుకుని, అడుగుల చప్పుడు కాకుండా. అతనికి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది కానీ ఐదుకు పది నిమిషాలే ఉన్నాయి. పట్టిక కింద ఇలా రాసి పంపాడు: "గత పదకొండేళ్లలో ప్రచురించిన ఫలితాలన్నీ నా భార్య గది బయట ఉన్నప్పుడు వచ్చినవి. ఈ పరిస్థితిని ఇంతవరకు తెలపనందుకు క్షమించగలరు."

సంపాదకుడు ఒక్క అక్షరం ముట్టుకోకుండా వేశాడు. వారంలో నూట పది ఉత్తరాలు వచ్చాయి. సగం మంది తమ మావగార్ల అంకెలు పంపారు. ఒకటి మాత్రం వేరే పత్రికలో ఆరు పాయింట్ రెండు తెచ్చిన ఆయన రాసింది. "నా దగ్గరా అదే పరిస్థితి ఉండేది. నా భార్య వెళ్లిపోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఏది పెట్టినా పరుగెడుతోంది. మీ సవరణ చూశాక నాదీ రాయాలనిపించింది."

నిఖార్సు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, లేచి వెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. కుర్చీ తన కుర్చీ పక్కకు జరిపి, వేగాన్ని దించుతూ పోయాడు. ఐదు, నాలుగున్నర, నాలుగు. ప్రతిసారీ నీలం. ఆమె లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఒకటి పాయింట్ నాలుగు దగ్గర తెర నిలబడింది. గుర్రం అడుగడుక్కీ ఆగి ఆలోచించుకుంటూ కదిలింది. ఎటు తిప్పాలో ఆమెకు చూపించాడు. ఆటలోని ఊరి చివరి వంతెన దాకా వెళ్లడానికి వాళ్లకు గంటన్నర పట్టింది.