ఖాళీ వరుసలు

పాప చొక్కాలు మడత పెట్టడానికి ఆమెకు ఒక పద్ధతి ఉంది. మెడ పైకి వచ్చేలా పట్టుకుని, చేతులు రెండూ లోపలికి తోసి, గుండ్రంగా చుడుతుంది. చూడ్డానికి అంత అందంగా ఉండదు. కానీ పాపను చంకనేసుకుని ఒంటి చేత్తో అలమారలోంచి లాగి, ఒక్క విదిలింపుతో విప్పి, తల మీంచి తొడిగేయొచ్చు. అలా చుట్టినవన్నీ మంచం మీద పేర్చి, పొయ్యి మీద పాలు చూసి వచ్చేసరికి అత్తగారు ఒక్కొక్కటే విప్పి, అరచేత్తో సాపు చేసి, పలకల్లా మడిచి పెడుతూ ఉంటుంది.

“ఏమీ అనుకోకమ్మాయ్. కాస్త పద్ధతిగా ఉంటుందని.”

ఆమె ఏమీ అనుకోదు. ఏమీ అనుకోకుండా ఉండటం ఈ ఇంట్లో ఆమె అందరికన్నా ముందు నేర్చుకున్న పని. ఇక్కడ ఆమెను ఎవరూ తిట్టరు. తిడితే పోట్లాడటానికైనా వీలుండేది. ఆమె చేసిన ప్రతిదాని మీదా ప్రేమగా ఇంకో చెయ్యి పడుతుంది, అంతే. ఆమె తుడిచిన గట్టు మీద మళ్ళీ గుడ్డ, ఆమె వేసిన పాప జడలో మళ్ళీ దువ్వెన, ఆమె చెప్పిన మాటకు పక్కనుంచి “అంటే దానర్థం ఏంటంటే” అని భర్త వివరణ. తను చేసేదంతా చిత్తుప్రతి, సాపు ప్రతి రాసేది ఇంకెవరో అన్నట్టుండేది. కొన్నాళ్ళకు ఆమెకే అనుమానం పట్టుకుంది, నిజంగానే తనకు ఏదీ పూర్తి చేయడం చేతకాదేమోనని. ఇంజనీరింగు కూడా పూర్తి చేయలేదుగా మరి.

మూడో ఏడు పరీక్షలు రాశాక, కడుపుతో ఉండగా చదువు ఆగింది. “ఒక్క ఏడాదేగా, ఎక్కడికి పోతుంది కాలేజీ” అన్నారందరూ. కాలేజీ నిజంగానే ఎక్కడికీ పోలేదు. పాప బోర్లా పడింది, పాకింది, నడిచింది, తలుపు గొళ్ళెం తీయడం కూడా నేర్చుకుంది, అప్పటికి గానీ ఆమె మళ్ళీ ఆ గేటు దాటలేదు. ఆఖరి ఏడు. ఏదో ఒక కంపెనీలో విద్యార్థిగా ప్లేస్‌మెంట్ దొరికి, అక్కడ పనిచేసి చూపిస్తేనే డిగ్రీ.

“చదువుకో, నేను కాదన్నానా,” అన్నాడు భర్త, భోజనం దగ్గర, కంచంలోంచి తలెత్తకుండా. “ఈ ఏడు ప్లేస్‌మెంట్ వస్తే వచ్చినట్టు. లేకపోతే ఇంక వదిలేద్దాం. నువ్విలా బస్సులెక్కి దిగుతుంటే ఇల్లు ఇల్లులా ఉండట్లేదు.”

వదిలేద్దాం అన్నాడు, ఇద్దరూ కలిసి దేన్నో వదిలేస్తున్నట్టు. అతను వదలాల్సింది మాత్రం ఏదీ ఆమెకు కనపడలేదు.

లిఫ్టులు తయారుచేసే ఒక కంపెనీ విద్యార్థులను తీసుకుంటోందని కాలేజీలో చెప్పారు. యంత్రాలు పంపే లెక్కలు చదివి, ఏది పాడవబోతోందో ముందే చెప్పే ప్రోగ్రాం రాసుకుని ఇంటర్వ్యూకి రావాలి. తనకన్నా చిన్నవాళ్ళైన తోటి విద్యార్థులు కబుర్లు చెప్పినంత తేలిగ్గా ప్రోగ్రాంలు రాస్తున్నారు. ఆమెకు గుర్తున్నదల్లా పరీక్షలో కాగితం మీద రాసిన జవాబులే. వెనక బెంచీలో కూర్చునే ఒక కళ్ళజోడు పిల్ల మాత్రం ఆమెను “అక్కా” అని పిలిచి, ల్యాబులో పక్కన కుర్చీ లాగిపెట్టింది.

నల్లటి తెర మీద తెల్లగా మినుకుమనే గీతను చూస్తే మొదట్లో ఆమెకు కీబోర్డు ముట్టుకోవాలంటే భయం. “ఏదైనా నొక్కితే పాడైపోదు కదా?” అని అడిగింది.

“పాడవదక్కా. మహా అయితే తిడుతుంది.”

తిట్టింది కూడా, ఎర్రటి అక్షరాలతో. కానీ ఆ తిట్టు చదివాక ఆమెకు ఆశ్చర్యం వేసింది. తప్పు ఎన్నో వరుసలో ఉందో చెప్పింది, ఏం తప్పో చెప్పింది, అక్కడితో ఊరుకుంది. పుట్టింటి పెంపకం దాకా వెళ్ళలేదు. నిన్నటి తప్పును ఇవాళ్టి తప్పుతో కలపలేదు. సరిచేస్తే మారు మాట్లాడకుండా పనిచేసింది. ఇంత మర్యాదగా తిట్టేవాళ్ళు ఆమెకు అంతవరకూ తగల్లేదు.

ఆ తర్వాత భయం పోయింది. ఒక చెవిలో పాఠం, రెండో చెవి పాప కోసం. బస్సులో కిటికీ పక్కన ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని రాసింది, పాప నిద్రపోయే మధ్యాహ్నాల్లో రాసింది. లూప్ అంటే ఏమిటో ఆమెకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. ఉతకడం, ఆరేయడం, మడవడం, మళ్ళీ ఉతకడం. ఆపాల్సిన షరతు రాయకపోతే ప్రోగ్రాం అలా తిరుగుతూనే ఉంటుందని ఆ పిల్ల చెబుతుంటే మాత్రం నవ్వు ఆగలేదు. “అంత జోకేముందక్కా ఇందులో?” అని ఆ పిల్ల కళ్ళజోడు సర్దుకుంది. “నీకు పెళ్ళయ్యాక చెప్తాలే,” అంది ఆమె.

నేర్చుకున్నవాటన్నిటిలో ఆమెకు బాగా నచ్చింది గిట్. ప్రోగ్రాంలో ఏది మార్చినా దాని పాత రూపాన్ని దాచిపెట్టుకోవడం, పక్కన ఏం మార్చామో ఒక చిన్న మాట రాసుకోవడం, అవసరమైతే ఒక్క ఆదేశంతో వెనక్కి వెళ్ళిపోవడం. పాప వేళ్ళు కీబోర్డు మీద ఎప్పుడు పడతాయో తెలియని మనిషికి అది వరం. అందుకే లేవాల్సి వచ్చినప్పుడల్లా దాచింది.

కంపెనీ ఇచ్చిన లెక్కల్లో ఒక్కో వరుసా ఒక లిఫ్టు తలుపు ఒకసారి మూసుకోవడానికి పట్టిన సమయం. మధ్యమధ్యలో కొన్ని వరుసల్లో సమయం లేదు, ఖాళీ. తరగతిలో అందరూ ఆ ఖాళీలను చెత్తగా లెక్కగట్టి తీసి పారేశారు. ఆమె కూడా తీసేయబోయింది. కానీ పాప తోపుడు బండితో రోజూ లిఫ్టెక్కే మనిషి ఆమె. తలుపు మూసుకోబోతుంది, బండి చక్రం తగులుతుంది, ఉలిక్కిపడినట్టు వెనక్కి తెరుచుకుంటుంది. మూసుకోనే లేదు కాబట్టి అప్పుడు పట్టిన సమయం అంటూ ఏమీ ఉండదు. వాళ్ళ బిల్డింగులో లిఫ్టు చెడిపోయే ముందు, అడ్డం ఎవరూ లేకపోయినా తలుపు అలాగే మూసుకోబోయి వెనక్కి పోయేది. అందరూ విసుక్కున్నారే తప్ప అది ఏదో చెబుతోందని అనుకోలేదు. ఆమె ఆ లెక్కల్లో వెతికి చూసింది. పాడైన లిఫ్టులన్నిట్లోనూ, పాడవడానికి కొన్నాళ్ళ ముందు నుంచే ఖాళీలు ఎక్కువయ్యాయి.

ఖాళీ అంటే సున్నా కాదు. తలుపు ప్రయత్నించింది, కుదరలేదు, అంతే. ఆ సంగతి కనిపెట్టిన మధ్యాహ్నం ఆమె నిద్రపోతున్న పాప పాదం పట్టుకుని ఊపేసింది. పాప లేచి ఏడ్చింది. ప్రోగ్రాం దాచిపెట్టి, పాపను ఎత్తుకుంది.

భర్త ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పదిమందికి పని చెప్పేవాడు. ఆమె భుజం మీంచి తొంగిచూసి, “ఇంత పొడుగ్గా రాశావేంటి? రెండు లైన్ల పని,” అన్నాడు.

“నేనే చూసుకుంటానండీ. మీరు చెప్పొద్దు.”

“అబ్బో. సరేలే మేడమ్.”

ఇంటర్వ్యూ రోజు అత్తగారు పాపను చంకలోకి తీసుకుని, “దీని గురించి బెంగ పెట్టుకోకు, నేను లేనూ,” అంది. అని, ఆమె కుర్తా కాలరు సరిచేసింది. బస్సులో దారి పొడుగునా ఆమెకు పాప తిందా లేదా అన్నదే ధ్యాస. కంపెనీ హాల్లో కూర్చున్నాక ఫోన్ తీస్తే భర్త మెసేజ్ ఉంది. ‘నువ్వు పడుకున్నాక నీ ప్రోగ్రాం కొంచెం సర్దాను. సర్‌ప్రైజ్. ధైర్యంగా చెప్పు.’

ఆమె లాప్‌టాప్ తెరిచింది. దాచిన రూపాల్లో అన్నిటికన్నా పైన తను రాయని మాట ఒకటి ఉంది: క్లీనప్. చేంతాడంత ప్రోగ్రాం జానెడైంది. ప్రతి పేరూ చక్కగా మారింది, ప్రతి వరుసా తీర్చిదిద్దినట్టుంది. ఖాళీలన్నీ మొదట్లోనే ఒక్క లైనుతో పోయాయి. నడిపి చూస్తే ఠక్కున నడిచింది. గ్రాఫు నున్నగా, ముచ్చటగా వచ్చింది. పలకల్లా మడిచిన చొక్కాలు.

చూపించడానికి ఇదే బాగుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పక్క కుర్చీల్లో కుర్రాళ్ళ తెరల మీద ఇలాంటి గ్రాఫులే ఉన్నాయి. ఇది చూపిస్తే ఎవరూ వేలెత్తి చూపరు. తనది చూపిస్తే, ఈ గజిబిజి ఏంటని అడగొచ్చు. ఇవాళ కాదంటే మళ్ళీ ఛాన్సు లేదు, ‘వదిలేద్దాం’ అన్నమాట ఇంట్లో కాచుకుని కూర్చుంది. భర్త తెలివైనవాడు, రోజూ ఇదే పని చేసేవాడు. తనేమో మధ్యలో ఆగిపోయిన మనిషి. ఇలా అన్నీ అనుకుంది. అనుకుంటుండగానే ఇంకో ఆలోచన అడ్డం వచ్చింది. లోపల వాళ్ళు ‘ఈ లైను ఎందుకు రాశావు’ అంటే, తను దేనికి జవాబు చెప్పగలదు? అందంగా ఉన్నదానికా, తనకు తెలిసినదానికా?

లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆమె ఒక్క ఆదేశం టైపు చేసింది. జానెడు ప్రోగ్రాం మళ్ళీ చేంతాడైంది.

గదిలో ఇద్దరున్నారు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ, డిజైన్ విభాగం ఆవిడదట. పక్కన మోటారు గదుల్లో ఏళ్ళు గడిపినవాడిలా మొరటు చేతులతో ఒక లిఫ్టు ఇంజనీరు.

పెద్దావిడ ముందు ఆమె దరఖాస్తే చూసింది. “మధ్యలో రెండేళ్ళు ఏమీ చేయలేదా?”

“చేశానండీ. పాపను పెంచాను. దానికి మీ ఫారంలో గడి లేదు.”

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. నవ్వు దాచుకోవడానికేనని ఆమెకు అర్థమైంది.

“ఖాళీ వరుసలు ఎందుకు ఉంచావమ్మా? పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళంతా తీసేశారు,” అన్నాడు ఆమె తెర వంక చూస్తూ.

ఆమె చెప్పింది. తోపుడు బండి సంగతి కూడా చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎక్కడా ఎవరూ “అంటే దానర్థం” అని అందుకోలేదు. మాట మొదలుపెట్టిన మనిషే ముగించింది.

ఆయన తలూపలేదు. “బాగానే ఉంది. కానీ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ జనం చేతులడ్డం పెట్టి తలుపు ఆపుతూనే ఉంటారు. అప్పుడూ ఖాళీలే వస్తాయి. నీ ప్రోగ్రాం ప్రకారం ఊళ్ళో ప్రతి ఆఫీసు లిఫ్టూ సాయంత్రానికి చచ్చిపోవాలి.”

నిజమే. తట్టలేదు. అయినా తప్పెక్కడో చెప్పాడు, అక్కడితో ఊరుకున్నాడు. ఇలాంటి తిట్టు ఆమెకు అలవాటే.

“జనం లేని వేళ వచ్చిన ఖాళీలను విడిగా లెక్కేస్తే?” అంది. “ఏ గంటలో లిఫ్టును ఎన్నిసార్లు పిలిచారో ఇందులో ఉంది కదండీ. పిలుపులు తక్కువ, ఖాళీలు ఎక్కువ అయితే లోపం తలుపుదే.”

“రాయి చూద్దాం.”

వాళ్ళ ముందే రాసింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. చదివింది, బ్రాకెట్ మూయలేదు, మూసింది. రెండోసారి నడిచింది. పాడవబోయేవాటి జాబితాలోంచి చాలా లిఫ్టులు జారిపోయి కొన్నే మిగిలాయి. ఇంజనీరు ముందుకు వంగి వాటి నంబర్లు చదివి, “ఈ మూడోదాని కోసం నేనే రెండుసార్లు వెళ్ళొచ్చాను,” అన్నాడు పెద్దావిడతో.

పెద్దావిడ కలం మూత పెట్టింది. “వచ్చే సోమవారం నుంచి రాగలవా? పాపకు ఏర్పాటుందా?”

“చేసుకుంటానండీ,” అంది ఆమె. ‘ఇంట్లో అడిగి చెప్తాను’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు.

ఆ సాయంత్రం ఇల్లంతా సందడిగా ఉంది. భర్త హాల్లో అటూ ఇటూ నడుస్తూ తమ్ముడితో ఫోన్లో చెబుతున్నాడు. “వచ్చిందిరా. తను కష్టపడింది, కాదనను. ఆఖర్లో నేను కాస్త సర్దిపెట్టాననుకో. మొత్తం గజిబిజిగా రాసుకుంది పాపం.” సంతోషమే అతని ముఖంలో ఉన్నది, అందులో కల్లాకపటం లేదు. అదే ఆమెకు ఎప్పుడూ కష్టమనిపించేది. కల్లాకపటం లేనివాళ్ళకు ఎదురు చెప్పడం.

ఆమె మంచం మీద పాప పక్కనే కూర్చుని దాని చొక్కాలు చుడుతోంది. అతను ఫోన్ పెట్టేసేదాకా ఆగింది.

“మీరు సర్దింది నేను చూపించలేదండీ.”

“అదేంటి?”

“తీసేశాను. నేను రాసిందే చూపించాను. మీరు చెత్త అని తీసేసిన ఖాళీల వల్లే నాకు వచ్చింది.”

అతను ఆమె వంకా, లాప్‌టాప్ వంకా చూశాడు. “అవి ఉండాలని నాకు ముందే చెప్పొచ్చుగా.”

“మీరు ముందే అడగొచ్చుగా.”

గొంతు పెంచలేదు. పాలు పొంగుతున్నాయని చెప్పినంత మామూలుగానే అంది. కానీ అత్తగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను ఫోన్ జేబులో వేసుకుని, మళ్ళీ తీసి, “తమ్ముడికి చెప్పేశానే,” అన్నాడు చివరకు.

“మళ్ళీ ఫోన్ చేసి చెప్పండి. ఎత్తుతాడు.”

అతను బాల్కనీలోకి వెళ్ళాడు. అత్తగారు మెల్లగా వచ్చి మంచం చివర కూర్చుంది. అలవాటు కొద్దీ చెయ్యి చాపి, చుట్టిన చొక్కా ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు మడత సందులోకి వెళ్ళింది. అక్కడే ఆగింది.

“ఇదెందుకు ఇలా చుడతావమ్మాయ్?”

ఆమె పాపను చంకనేసుకుని లేచింది. “ఇలా ఇవ్వండత్తయ్యా, చూపిస్తాను,” అని ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది.