బోసి కొమ్మ

గ్రంథాలయంలో ఆమెను అందరూ పటాలమ్మ అనేవారు, ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఏ విభాగంలో ఏ తగువు తెగకపోయినా పెద్దాయన, అంటే గ్రంథాలయాధికారి, ఆమెకే కబురు పెట్టేవాడు. ఆమె చంకలో గోధుమరంగు కాగితపు చుట్టతో వచ్చి, దాన్ని గోడకు అతికించి, పైన నడిమధ్యన ప్రశ్న రాసేది. అవుననే కారణాలు ఆకుపచ్చ చీటీల మీద, కాదనేవి ఎర్ర చీటీల మీద. ఏ మాట ఏ మాటకు ఆసరానో, ఏది దేనికి అడ్డమో గీతలు గీసి కలిపేది. గంట తిరిగేసరికి ఆ పటం గోడంతా కొమ్మలు వేసేది. గొంతు చించుకునేవాడి మాటా, నోట్లో నాలుక లేనివాడి మాటా ఒకే కొలత చీటీ మీదికి వచ్చేవి.

దానికి ఆమె పెట్టుకున్న నియమాలు రెండు. ఆ గదిలో నోరు తెరిచి అన్న మాటే గోడకెక్కాలి. ఎక్కించేముందు చీటీ పైకి చదివితే, అన్న మనిషి చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఎవరూ చెయ్యెత్తకపోతే చింపెయ్యాలి. ఈ నియమాలను ఆమె ప్రతి సమావేశం మొదట్లో బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పేది. వినేవాళ్లు ఆవలించినా సరే, మానేది కాదు.

ఆ రోజు గోడ మీది ప్రశ్న ఇది: బైండింగ్ గది ఉంచాలా, మూసేసి పుస్తకాలు బయట కుట్టించాలా?

బైండింగ్ గది అంటే ఆమె వదిన. ఇరవై రెండేళ్లుగా చిరిగిన పుస్తకాలను విప్పి, మళ్లీ కుట్టి, అట్ట వేసి నిలబెడుతున్న మనిషి. చిన్నప్పుడు తల్లి పోతే, అన్నయ్య చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వచ్చిన ఈ వదినే ఆమెకు జడలు వేసి, లెక్కలు చెప్పి పెంచింది. ఆ సంగతి గ్రంథాలయంలో అందరికీ తెలుసు. అందుకే, కాగితం అతికిస్తుండగానే కౌంటర్ గుమాస్తా నవ్వుతూ అన్నాడు, "మీ వదినగారి గది కదండీ. పటం ఎటు వంగుతుందో చూద్దాం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ, ఆ మాట ముల్లులా దిగింది. పక్షపాతం అనే మాట తన మీద పడితే ఇన్నేళ్లుగా తెచ్చుకున్న పేరు ఏం కావాలి? వదిన ఏం కావాలి అన్నది అప్పుడు తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

మాటలు సాగాయి. బయట కుట్టిస్తే త్వరగా వస్తాయని ఒకరు, బయటివాళ్లు అంచులు కోసేస్తే అక్షరాలు తెగుతాయని ఒకరు. రెండోవరుసలో కూర్చున్న వదిన తన వంతు వచ్చినప్పుడు ఒక్కటే అడిగింది. "ఒక్క ఏడాది ఉంచండి. నా దగ్గరున్న ఇద్దరు అమ్మాయిలూ చెయ్యి తిరిగినవాళ్లవుతారు. తర్వాత మీ ఇష్టం."

ముసలి పాఠకుడొకాయన, "ఇక్కడి కుట్టు పదేళ్లైనా చెక్కుచెదరదండీ" అన్నాడు. ఆకుపచ్చ చీటీ ఎక్కింది. దాని కింద ఎర్ర చీటీ రాలేదు. చూస్తే మిగతా అన్ని కొమ్మలకూ రెండు రంగులూ ఉన్నాయి, ఇదొక్కటే బోసిగా ఉంది. అదీ వదినకు కలిసొచ్చే కొమ్మ. గుమాస్తా ఆ కొమ్మనే చూస్తున్నాడని ఆమెకు అనిపించింది. అతను నిజానికి గడియారం చూస్తున్నాడేమో, ఎవరికి తెలుసు?

కిందటి వారం అన్నయ్య ఇంటి వంటింట్లో కూరలు తరుగుతూ వదిన కత్తి పక్కన పెట్టేసింది. "ఈ కుడిచెయ్యి మాట వినడం లేదే. సూది పడితే వణుకుతోంది. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుడుతున్నాను. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. కడుపులో పెట్టుకో."

ఆ మాట పటాలమ్మ కడుపులోంచి కలం చివరికి వచ్చేసింది. ఎర్ర చీటీ మీద రాసింది: "కుట్టే చెయ్యి వణుకుతోంది. ఈ మధ్య కుట్లు వంకరపోతున్నాయి." అలవాటు చొప్పున గడగడా చదివేసి, అలవాటు చొప్పున అడిగింది, "ఇది ఎవరి మాట?"

అడిగాక గానీ తనేం చదివిందో ఆమెకు వినిపించలేదు.

చెయ్యి లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చీటీని చింపెయ్యడానికి ఒక్క క్షణం చాలు. కానీ చింపితే, ఎవరూ అనని మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు. చీటీ పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడు రెండోవరుసలో వదిన కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. "నాదేనండీ" అంది. లేచిన ఆ చెయ్యి వణకడం అందరూ చూశారు.

ఇక్కడైనా పటాలమ్మ నోరు విప్పాల్సింది. విప్పలేదు. చీటీ వెనక జిగురు రాసి బోసి కొమ్మకు అతికించింది, పైగా మూలలు నలగకుండా బొటనవేలితో నొక్కింది కూడా. పెద్దాయన తల పంకించి, "పటం అంటే ఇదీ. తన, పర అని చూడలేదు" అని మెచ్చుకున్నాడు.

టీ విరామంలో బైండింగ్ గదికి వెళ్లింది. వదిన జిగురు గిన్నె మూత పెడుతోంది.

"ఎందుకెత్తావు వదినా?"

"నువ్వు బిక్కమొహం వేసుకుని నిలబడ్డావే. చూడలేకపోయాను."

"నేను వెళ్లి చెప్పేస్తాను. నువ్వు అనలేదని, నేనే రాశానని."

"చెప్పు. ఆ చీటీ చింపుతావు. నా చెయ్యి అందరూ చూశారుగా."

ఆమె చెప్పింది. అందరి ముందు చెప్పి చీటీ పీకేసింది. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. "నియమం సంగతి అలా ఉంచండి. విషయం నిజమే కదా?" అన్నాడు. పీకిన చోట గోధుమరంగు కాగితం చిరిగి తెల్లగోడ కనిపించింది. అందరూ ఆ చోటునే చూస్తూ చేతులెత్తి తీర్మానించారు.

నెల తిరక్కుండానే గది మూతపడింది. ఆ అమ్మాయిలిద్దర్నీ పుస్తకాలు సర్దే పనికి పంపారు. వదినకు కౌంటర్‌లో తేదీ ముద్ర వేసే పని ఇచ్చారు. పటాలమ్మ ఆ తర్వాత పటం గీయలేదు. గీయనన్నందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు, అది ఇంకా బాధించింది.

ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్లింది. వదిన ఎప్పటిలాగే ఎదురొచ్చి, ఎప్పటిలాగే వంటింట్లో పీట వేసింది. కూరగాయల పళ్లెం, కత్తి మాత్రం ఆమె ముందుకు జరిపింది. ఆమె తరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"చెయ్యి ఎలా ఉంది వదినా?"

వదిన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి గట్టిగా వేసుకుంది.

"బాగానే ఉందే" అంది.