ఉప్పును పట్టే దీపం

తూము కాపలాదారు లోక్ పేరు వింటేనే నామ్‌కు ఒళ్లు మండుతుంది. మూడేళ్ల కిందట కాలువ నీటిని నాలుక మీద వేసుకుని, "తియ్యగానే ఉంది" అని తూము ఎత్తింది ఆ లోకే. వచ్చింది సముద్రపు పోటు నీరు. నామ్ వరి నిలువునా మాడిపోయింది.

ఇప్పుడు మెకాంగ్ నది ఒడ్డున, బడి వరండాలో, ఆ లోక్ కూతురు దియెప్ రైతులకు నీటిలో ఉప్పును కనిపెట్టే ప్రయోగం నేర్పుతోంది. ఎనిమిదో తరగతి పిల్ల. ముందు బ్యాటరీ, తీగలు కట్టిన రెండు మేకులు, చిన్న దీపం ఉన్నాయి.

"మీ నాన్న చేసింది చాలలేదా, నువ్వు కూడా బయల్దేరావు?" అన్నాడు నామ్.

"అయిదో బాబాయ్, పోనీ మీరే రుచి చూసి చెప్పండి" అని, ఊరి అలవాటు ప్రకారం పుట్టిన వరుసతో పిలుస్తూ, మూడు గ్లాసుల నీళ్లు పెట్టింది.

అయిదో తరగతిలోనే బడి మానేసినా కాలువ నీరు తెలియకపోవడమా? మూడూ చప్పరించి, "అన్నీ మంచినీళ్లే" అన్నాడు.

దియెప్ మేకులు ముంచింది. మొదటి గ్లాసు వాన నీటిలో దీపం వెలగలేదు, రెండో గ్లాసు బావి నీటిలో మినుకుమంది. మూడో గ్లాసులో, ఉప్పు కలిసిన కాలువ నీటిలో మాత్రం ధగధగా వెలిగింది.

"పొద్దున అన్నంలో చేపల ఉప్పురసం పోసుకున్నారా?"

"అది లేకుండా ముద్ద దిగుతుందటే?"

"ఇంక ఆ నాలుకకి ఉప్పేం తెలుస్తుంది బాబాయ్! ఆరోజు మా నాన్న కూడా తినే వెళ్లాడు."

అందరూ నవ్వారు. నామ్ నవ్వలేదు, లోక్‌ను క్షమించనూ లేదు. చాప మీద చతికిలబడ్డాడు.

"ఆ మేకులు ఇటివ్వు. ఎల్లుండి మీ నాన్న తూము ఎత్తే ముందు ఈ దీపంతో నేనుంటానక్కడ."

తీగ రెండుసార్లు ఊడింది. పళ్లు బిగబట్టి మూడోసారి కట్టాడు. ఈ ఏటి నాటు పోనివ్వడు. ఆ ఏడు పోయింది ఎకరా నలభై ఎనిమిది సెంట్లు.